కారుచున్న కొళాయిని మనమే బాగుచేసికొందము

(బుక్కరాయసముద్రములో రైతుల సమావేశమున సేద్యశాస్త్ర ఉపన్యాసకులొకరు చేసిన ప్రసంగ పాఠము)



వేరుసెనగకు విత్తనశుద్ధి గురించియో, కందిలో అంతరపంట గురించియో చెప్పవలసిన మనిషి కొళాయి గురించి చెప్పుటకు నిలబడినాడేమని మీలో కొందరికి తోచవచ్చును. దీనికి జవాబు సులభము. సేద్యశాస్త్రము చదువుకొనువారికి మొదటి పాఠము నీరు. విత్తనమైనను, ఎరువైనను, మందైనను నీటి తరువాతివే. ఈ మాట మీకు నేను చెప్పనక్కరలేదు; అనంతపురము రైతుకు ఆ పాఠమును ఆకాశమే చెప్పుచున్నది. అయితే పొలములో ప్రతి తడిని లెక్కపెట్టు మనము, ఇంటికి వచ్చి కాళ్లు కడుగుకొని, కారుచున్న కొళాయిని చూచియు చూడనట్లు లోపలికి పోవుచున్నాము.

నేడు నేను చెప్పదలచినది ఇంతే. కొళాయి గట్టిగా కట్టినను బొట్టు బొట్టుగా కారుచున్నచో, చాలమట్టుకు దానిలోని ఒక చిన్న రబ్బరు బిళ్ల అరిగినదని అర్థము. ఆ బిళ్లను మీరే అరగంటలో, కొద్ది రూపాయల ఖర్చుతో మార్చుకొనవచ్చును. మందు కొట్టు స్ప్రేయరులో వాషరు మార్చని రైతు ఈ సభలో ఉండడు. ఆ పని తెలిసిన చేతులకు ఈ పని కొత్త కాదు.

మన వాన, మన బొట్టు

మొదట లెక్క చూతము. రాష్ట్రమునకు సగటున ఏటా 900 మిల్లీమీటర్లకు పైగా వాన కురియగా, అనంతపురము జిల్లాలో కురియునది 550 మిల్లీమీటర్ల ప్రాంతము మాత్రమే. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలను దాటి వచ్చునప్పటికి తన చెమ్మను చాలవరకు అక్కడనే కురిసివేయును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమున కురిసి, ఇంత దూరము వచ్చునప్పటికి బలహీనపడును. రెండు వానలకును మనది కొసయే.

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడిన ఒక లీటరు నీరగును. అనగా మన ఊరిలో ఒక చదరపు మీటరు నేలకు ఏడాది పొడుగున దక్కు వాన సుమారు 550 లీటర్లు. ఈ అంకెను జ్ఞాపకముంచుకొనుడు. కొంచెము సేపటిలో దీనితో పని ఉన్నది.

ఇక బొట్టు లెక్క. దినమునకు 86,400 సెకనులు. సెకనుకొక బొట్టు చొప్పున కారు కొళాయి దినమునకు 86,400 బొట్లు విడుచును. ఆసుపత్రిలో సెలైను ఎక్కించు మామూలు గొట్టములలో 20 బొట్లు ఒక మిల్లీలీటరని లెక్క. కొళాయి బొట్టు అంతకన్న పెద్దదే గాని చిన్నది కాదు. ఆ చిన్న లెక్కకే దినమునకు 4 లీటర్లకు పైగా, ఏడాదికి 1,500 లీటర్లకు పైగా నీరు పోవును. ఒక గొర్రె దినమునకు త్రాగు నీరు సుమారుగా అంతే. కాబట్టి బొట్టు కారు కొళాయి ఉన్న ఇంట కనబడని గొర్రె ఒకటి ఏడాది పొడుగున నీరు త్రాగుచున్నదనుకొనుడు. ఆ గొర్రె వలన ఉన్ని లేదు, పిల్ల లేదు, పొలమునకు ఎరువును లేదు.

బొట్టు ముదిరి సన్నని ధార అయినచో లెక్క మారును. ఎంత పోవుచున్నదో తెలిసికొనుటకు ఒక గ్లాసు, ఒక గడియారము చాలును. 250 మిల్లీలీటర్ల గ్లాసు పది నిమిషములలో నిండినదనుకొందము. గంటకు లీటరున్నర, దినమునకు 36 లీటర్లు, ఏడాదికి 13,140 లీటర్లు. ఇప్పుడు ఇందాకటి 550తో భాగింపుడు. దాదాపు 24 వచ్చును. అనగా 24 చదరపు మీటర్ల నేల మీద ఏడాదంతయు కురిసిన వానను, అర సెంటుకు పైబడిన నేల మీది వానను, మనము బండ మీద పారబోసినట్లు. మబ్బు కొరకు ఆకాశము వంక చూచు ఊరిలో ఇది చిన్న సంగతి కాదు.

ఇంటిమీద ట్యాంకు కట్టుకొన్నవారికి ఈ లెక్క పూర్తిగా వర్తించును. వారి కొళాయి రాత్రింబవళ్లు కారును. వీధి గొట్టము నుండి నేరుగా నీరు వచ్చువారికి నీరు వదలిన గంటలలో మాత్రమే కారును. అయితే ఆ గంటలే ఊరందరికిని ముఖ్యమైన గంటలు. ఆ సంగతి ముందు చెప్పుదును.

బొట్టు చెడ్డది కాదు, చోటు చెడ్డది

బొట్టు స్వతహాగా మనకు శత్రువు కాదు. 1930 ప్రాంతములో సింఖా బ్లాస్ అను జల ఇంజనీరు పాలస్తీనా దేశమున ఒక చెట్టును చూచెనట. తక్కిన చెట్లకన్న అది ఏపుగా పెరిగియుండెను. కారణము వెదకగా, దాని మొదట కారుచున్న నీటిగొట్టము కనబడెను. ఆ బొట్టే ఆయనకు ఆలోచన ఇచ్చినదని చెప్పుకొందురు. తరువాత ఆ పద్ధతి పెరిగి, 1965లో ఇశ్రాయేలులోని హట్జెరిం అను సామూహిక క్షేత్రమున బిందుసేద్యపు సామగ్రి తయారీ ఆరంభమయ్యెను. మన రాష్ట్రములో 2003లో సూక్ష్మసేద్య పథకము వచ్చిన తరువాత ఈ జిల్లా చీనీ తోటలలో, టమాటా మళ్లలో నల్లని డ్రిప్పు గొట్టములు పరచుకొన్న సంగతి మీకు తెలిసినదే.

డ్రిప్పు గొట్టములో ఒక్కొక్క డ్రిప్పరు గంటకు 2 లీటర్లో 4 లీటర్లో విడుచును. ఇందాక గ్లాసుతో కొలిచిన కొళాయి గంటకు లీటరున్నర విడుచుచున్నది. అనగా మన ఇంటి బండ దగ్గర ఒక డ్రిప్పరు ఆపకుండ నడచుచున్నదన్నమాట. తేడా ఒక్కటే. చెట్టు వేరు దగ్గర పడిన బొట్టు పంట. బండ మీద పడిన బొట్టు పాచి, దోమ, కాలు జారుట. ఒక సొమ్మే రెండు చోట్ల రెండు ఫలితములిచ్చుచున్నది.

కాలువ కొస, కొళాయి కొస

ఈ ఊరి పేరులోనే సముద్రమున్నది. 14వ శతాబ్దమున విజయనగర రాజు బుక్కరాయల కాలమున పండమేరు నీటిని ఆపి కట్టిన చెరువు పేరే ఈ ఊరికి వచ్చినది. కట్ట తెగబోయినప్పుడు ముసలమ్మ అను ఇల్లాలు తన ప్రాణమిచ్చి ఊరిని కాపాడినదని జనులు చెప్పుకొను కథ ఈ చెరువుదే. కట్టమంచి రామలింగారెడ్డి గారు దానిని తీసికొని ‘ముసలమ్మ మరణము’ అను కావ్యము వ్రాసిరి. గండి అంత పెద్దదైన తరువాత ఊరు కోరునది ప్రాణము. అదే కట్టలో ఎలుకబొక్క నుండి తడి చిమ్మునప్పుడు కోరునది తట్టెడు మట్టి మాత్రమే. చెరువు క్రింద బ్రదికినవారికి ఈ తేడా చక్కగా తెలియును.

ఇంకొక సంగతియు మీకు తెలియును. తూము దగ్గరి రైతుకు నీరు సమృద్ధి. ఆయకట్టు కొస రైతుకు కన్నీరు. కాలువ మధ్యలో ఒకరు మడవ సరిగా కట్టకపోయినచో ఆ నష్టము ఆయన మడిలో కనబడదు. కొస మడిలో పైరు వాడినప్పుడు కనబడును. అందుకే పూర్వము నీరుగంటి కాలువ వెంబడి నడచి, ప్రతి మడవను చూచి కట్టుచుండెను.

గ్రామపు మంచినీటి గొట్టము కూడ ఒక కాలువయే. కొళాయి దానికి మడవ. అవిభక్త అనంతపురము జిల్లాలో 1990లలో సత్యసాయి నీటి పథకము 700కు పైగా గ్రామములకు మంచినీరు చేర్చినది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జలజీవన్ మిషన్ పల్లెలోని ప్రతి ఇంటికి కొళాయి, మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు అను లక్ష్యము పెట్టుకొన్నది. వీధి కొళాయి వద్ద బిందెల వరుసలో నిలబడినవారికి ఇంటిలో కొళాయి ఎంత వరమో వేరే చెప్పనక్కరలేదు. కాని ఆ వరమును నిలుపుకొనుట ఇంటివారి చేతిలోనే ఉన్నది.

నీరు వదలిన ఆ గంటసేపటిలో పల్లపు వీధి కొళాయిలన్నియు కారుచున్నచో గొట్టములో వత్తిడి తగ్గిపోవును. మెరక వీధికి, కొస వీధికి నీరు ఎక్కదు. ట్యాంకు ఖాళీ అగును. కొస ఇంటి ఇల్లాలు మరల బిందె తీసికొని బయలుదేరును. ఇందాకటి 36 లీటర్లు 55 లీటర్లలో దాదాపు మూడింట రెండు వంతులు. ట్యాంకులున్న 100 ఇండ్లలో అట్టి కొళాయి ఒక్కొక్కటి ఉన్నచో దినమునకు 3,600 లీటర్లు. అది 65 మందికి దినమునకు రావలసిన నీరు. మన ఇంటిలో కారినది మన నీరు కాదు. కొస వీధివారి నీరు. నేను ఈ ప్రసంగమునకు పూనుకొన్నది ఇందుకే.

కొళాయి ఒక చిన్న తూము

ఇక పనిలోనికి వత్తము. కొళాయి లోపల ఏమున్నదో తెలిసినచో భయము పోవును. పాత చెరువు తూమును తలచుకొనుడు. అడుగున రంధ్రము, ఆ రంధ్రములో కూర్చొను బిరడా, బిరడాను ఎత్తుటకు, దించుటకు పైదాక ఒక కడ్డీ. కొళాయియు అంతే. లోపల ఇత్తడి రంధ్రమును సీటందురు. దాని మీద కూర్చొను రబ్బరు బిళ్ల వాషరు. వాషరును పట్టియుంచు చిన్న ఇత్తడి పుట్టగొడుగు వంటిది జంపరు. పిడి త్రిప్పినపుడు పైకి క్రిందికి నడచు మరకడ్డీ స్పిండిలు. స్పిండిలును కొళాయి ఒంటికి బిగించి ఉంచు ఆరు పలకల భాగము పై మూత.

పిడి కట్టునప్పుడు స్పిండిలు జంపరును నొక్కును, వాషరు సీటు మీద అతుకుకొనును, నీరు ఆగును. మన బోరునీటిలో ఉప్పు ఎక్కువ; అది సీటు మీద పెచ్చు కట్టును. గొట్టములో వచ్చు సన్నని ఇసుక వాషరును కోయును. ఏండ్లు గడచిన కొలది రబ్బరు గట్టిపడి పగులును. అప్పుడు ఎంత కట్టినను సందు మిగులును. సందులో నుండి బొట్టు దిగును. బొట్టు ఆగలేదని మనము ఇంకను బలముగా త్రిప్పుదుము. దానితో వాషరు మరింత నలిగి, సీటు కూడ దెబ్బతినును. కారుచున్న కొళాయికి బలము మందు కాదు.

ముందు ఎక్కడ కారుచున్నదో చూడుడు

కొళాయి మూడు చోట్ల కారును. మూడింటికి మూడు చికిత్సలు.

1. కట్టినపుడు మూతి నుండి బొట్టు పడినచో అది వాషరు దోషము, లేదా సీటు దోషము.

2. విప్పినపుడు పిడి క్రింద, స్పిండిలు చుట్టు నీరు ఊరినచో అది గ్లాండు దోషము.

3. గోడలోని గొట్టమునకు కొళాయి బిగించిన చోట తడి కనబడినచో అది మరల దోషము.

కొళాయిని గుడ్డతో పొడిగా తుడిచి, రెండు నిమిషములు నిదానించి చూచినచో తడి ఎక్కడ మొదలగుచున్నదో తెలియును. రోగము తెలియక మందు వేయరాదు.

కావలసిన సామాను

ఒక స్క్రూ పానా, ఒక స్క్రూడ్రైవరు, ఒక కటింగు ప్లేయరు, ఒక చుట్ట టెఫ్లాను టేపు, పాత గుడ్డ, చిన్న పళ్లెము, కొళాయికి సరిపడు వాషర్లు రెండు. ఇండ్లలో ఉండునవి చాలవరకు అర అంగుళము కొళాయిలు. 15 మిల్లీమీటర్లదన్నను అదే. అయినను పాత వాషరును చేతబట్టుకొని అంగడికి పోవుట మంచిది. ఒకటి కొనుటకు పోయి రెండు కొనుడు. రెండవది ఇంటిలో ఉండనిండు. ఈ సామాను ప్రతి ఇంటను ఉండవలెనని లేదు. వీధికొక సంచి ఉన్నను చాలును.

పని చేయు విధానము

ఒకటి: నీటిని ఆపవలెను. ఇంటిమీద ట్యాంకు ఉన్నచో దాని గొట్టమునకున్న గేటు వాల్వును కట్టివేయుడు. వాల్వు లేక వీధి గొట్టము నుండి నేరుగా వచ్చునదైనచో, నీరు వదలు వేళ గడచిన తరువాతనే పని మొదలుపెట్టుడు. నీరు వచ్చుచుండగా కొళాయిని విప్పరాదు. ముందు రెండు బిందెలు పట్టి ఉంచుకొనుడు.

రెండు: కొళాయిని పూర్తిగా విప్పి గొట్టములో మిగిలిన నీటిని పోనిండు. ఆ నీటిని బిందెలో పట్టుడు. క్రింద మోరీ రంధ్రము ఉన్నచో దానిలో గుడ్డ కుక్కుడు. చిన్న మేకు జారిపోయిన పిమ్మట వెదకుట కష్టము.

మూడు: పిడి విడిగా వచ్చు రకమైనచో దాని మీది చిన్న మేకును విప్పి పిడిని పైకి లాగుడు. కొన్ని కొళాయిలలో పిడి తీయకనే పై మూతను విప్పవచ్చును.

నాలుగు: కొళాయి ఒంటిని ఒక చేతితో గట్టిగా పట్టుకొని, రెండవ చేతితో పానాను పై మూత పలకలకు తగిలించి, గడియారపు ముల్లుకు ఎదురు దిక్కుగా త్రిప్పుడు. ఒంటిని పట్టుకొనకుండ త్రిప్పినచో గోడలోని గొట్టము మెలితిరిగి విరుగవచ్చును. ప్లాస్టిక్ గొట్టములతో ఈ జాగ్రత్త మరింత అవసరము. పానా పళ్లు ఇత్తడిని గీరకుండ మధ్యలో గుడ్డ పెట్టుడు. మూత బిగుసుకొని రానిచో దానిపై చింతపండు రసములో తడిపిన గుడ్డ చుట్టి, కొంత సేపైన పిమ్మట మరల ప్రయత్నింపుడు.

అయిదు: మూతతో పాటు జంపరు బయటికి వచ్చును, లేదా సీటు మీదనే నిలిచియుండును. ప్లేయరుతో నెమ్మదిగా తీయుడు. విప్పిన ప్రతి భాగమును విప్పిన వరుసలోనే పళ్లెములో ఉంచుడు. తిరిగి బిగించునపుడు ఆ వరుసయే మీకు గురువు.

ఆరు: జంపరు అడుగున వాషరు ఉండును. దానిని కొన్నిటిలో చిన్న నట్టు పట్టియుంచును. కొన్నిటిలో ఊరక నొక్కి ఉండును. పాత వాషరును తీసి చూడుడు. నడుమ గుండ్రని గాడి పడియుండుట, అంచు చినిగియుండుట మీకే కనబడును. దాని స్థానమున క్రొత్తది వేసి నట్టు బిగింపుడు. నట్టు అతిగా బిగించినచో వాషరు గొడుగువలె వంగి సరిగా కూర్చొనదు.

ఏడు: క్రొత్త వాషరు వేయుటకు ముందు సీటును చూడుట మరువరాదు. వ్రేలి కొనతో చుట్టును తడుముడు. పెచ్చు తగిలినచో చెక్కపుల్లతో గీకి, చింతపండు రసములో తడిపిన గుడ్డతో రుద్ది కడుగుడు. ఇనుప మొనతో గీకరాదు. అప్పుడు పడిన గీత ఎన్ని వాషర్లు మార్చినను పోదు.

ఎనిమిది: తిరిగి బిగించుట. ఇక్కడ చాలమంది ఒక చిన్న సంగతిని మరచెదరు. మూతను బిగించునపుడు స్పిండిలు పైకి ఎత్తియుండవలెను, అనగా కొళాయి విప్పిన స్థితిలో ఉండవలెను. కట్టిన స్థితిలో బిగించినచో క్రొత్త వాషరు మొదటి దినమే సీటు మీద నలిగిపోవును. మూతను మొదట చేతితోనే త్రిప్పుడు. మరలు చక్కగా పట్టుకొన్నవని తెలిసిన తరువాతనే పానా వేయుడు.

తొమ్మిది: కొళాయిని మెల్లగా కట్టి, గేటు వాల్వును కొంచెము కొంచెముగా విప్పుడు. మొదట వచ్చు కలక నీరు ఒక చెంబెడు కరివేపాకు చెట్టుకు పోయుడు. తరువాత కొళాయి కట్టి, మూతి క్రింద పొడి కాగితము ఉంచి అయిదు నిమిషములు చూడుడు. కాగితము తడవకున్నచో పని పూర్తి అయినట్లే.

అంగడి మూసియుండి వాషరు దొరకనిచో పాత వాషరును తీసి, రెండవ ముఖము క్రిందికి వచ్చునట్లు త్రిప్పి వేయుడు. అరుగని ముఖము కొన్ని దినములు ఆపును. పూర్వము చన్నీళ్ల కొళాయిలకు తోలు వాషర్లే వాడుచుండిరి. కావున దళసరి తోలును పాత వాషరు కొలతకు గుండ్రముగా కోసి వేసినను తాత్కాలికముగా పని జరుగును. హవాయి చెప్పు ముక్క మాత్రము వద్దు; అది మెత్తన, వెంటనే నలుగును.

తక్కిన రెండు దోషములు

స్పిండిలు చుట్టు నీరు ఊరుచున్నచో మొదట గ్లాండు నట్టును పానాతో పావు చుట్టు మాత్రమే బిగించి చూడుడు. చాలమట్టుకు ఇంతతోనే ఆగును. ఆగనిచో, నీరు ఆపి, నట్టు విప్పి, టెఫ్లాను టేపును దారమువలె పేని స్పిండిలు చుట్టు నాలుగైదు వరుసలు చుట్టి, నట్టును దించి బిగింపుడు. బావి మోటారు పంపుకు గ్లాండు దారము చుట్టినవారికి ఇది తెలిసిన విద్యయే. పిడి త్రిప్పుటకు కష్టమైనచో ఎక్కువ బిగించినారని అర్థము.

గోడ వద్ద కారుచున్నచో, నీరు ఆపి, కొళాయిని మొత్తముగా విప్పి తీయుడు. మరలలోని పాత టేపును, పెచ్చును శుభ్రముగా తీసి, క్రొత్త టేపు పది పన్నెండు చుట్లు చుట్టుడు. మరల ముఖము మీ వైపు ఉంచుకొని గడియారపు ముల్లు దిక్కుగా చుట్టవలెను. ఎదురు దిక్కుగా చుట్టిన టేపు బిగించునపుడు ఊడి వచ్చును. చేతితో బిగించిన తరువాత పానాతో ఒకటి రెండు చుట్లకు మించరాదు.

క్రొత్త రకపు కొళాయిలు

ఈ మధ్య పావు చుట్టుతో తెరచుకొని మూసికొను కొళాయిలు వచ్చినవి. వీటిలో రబ్బరు వాషరు బదులు, ఒకదానిపై ఒకటి జరుగు రెండు పింగాణీ బిళ్లలుండును. ఇవి ఎక్కువ కాలము మన్నును గాని ఇసుక పడినచో చెడును. చెడినపుడు బిళ్లను బాగుచేయుట లేదు. లోపలి స్పిండిలును మొత్తముగా మార్చవలెను. పాతదానిని అంగడికి తీసికొనిపోయి అదే కొలతది తెచ్చి వేయుడు. విప్పు విధానము ఇందాక చెప్పినదే. కొన్ని ప్లాస్టిక్ కొళాయిలలో గుండు వంటిది తిరుగుచు నీటిని ఆపును. అవి కారినచో క్రొత్తది బిగించుటయే మేలు.

పనివానిని ఎప్పుడు పిలువవలెను

అన్నియు మనమే చేయగలమని పట్టు పట్టరాదు. సీటు మీద లోతైన గుంట పడినపుడు, గోడ లోపలి గొట్టము చిట్లినపుడు, వీధి ప్రధాన గొట్టము దగ్గర కారుచున్నపుడు పనివానిని పిలువుడు, లేదా పంచాయతీకి తెలుపుడు. ఆయన విద్యకు ఆయన కూలి న్యాయమే. అయితే ఒక వాషరు కొరకు అనంతపురము నుండి పనివాడు వచ్చుదాక వారములు నిరీక్షించుట న్యాయము కాదు. ఆ వారములలో పోవు నీటికి కూలి ఎవరు ఇత్తురు?

ఈ పనిలో మగవారి పని, ఆడవారి పని అని లేదు. కొళాయితో దినమంతయు పని ఉండునది ఇంటి ఇల్లాండ్రకే. బొట్టు మొదట వినబడునదియు వారికే. కావున అక్కలారా, ఈ పని మీరు కూడ నేర్చుకొనుడు. పై తరగతుల పిల్లలను ప్రక్కన నిలుపుకొని చేసినచో వారికిని ఒక విద్య అబ్బును.

మరల చెడకుండుటకు

కొళాయిని నీరు ఆగు మేరకే కట్టుడు. ఆగిన తరువాత మరొక పట్టు పట్టకుడు. ట్యాంకును అప్పుడప్పుడు కడిగి అడుగున చేరిన ఇసుకను తీయుడు. గేటు వాల్వును నెలకొకసారి త్రిప్పుచుండినచో అది బిగుసుకొనిపోదు. మూతి లేని వట్టి గొట్టమును ఎన్నడును వదలరాదు; నీరు వచ్చునంతసేపు అది గండియే. బాగుచేయుదాక కారు నీటి క్రింద బిందె పెట్టి, ఆ నీటిని దూడకో, బొప్పాయి పాదుకో పోయుడు. ఇది చికిత్స కాదు, చికిత్స జరుగుదాక పథ్యము మాత్రమే.

సోదరులారా, వానను మనము కురిపింపలేము. బోరులో నీరు ఎంత లోతుకు పోవునో మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది రబ్బరు బిళ్ల ఒకటి. ఈ రాత్రి ఇంటిలో అందరు పరుండిన తరువాత ఒక నిమిషము చెవి ఒగ్గి వినుడు. బొట్టు చప్పుడు వినబడినచో రేపు ఉదయము అంగడికి పోయి వాషరు తెచ్చుకొనుడు. మీ ఇంటిలో ఆ చప్పుడు ఆగిన దినమున కొస వీధిలో ఒక బిందె నిండును.

సెలవు.